మేస్త్రీ పాత్రలో మా నాయన

పోయిన నెలలో కడపలో ఒక నాటకం చూడ్డానికి పోయి సగంలో లేచి వచ్చేశాను. సగం అని ఊరికే అనడం లేదు. మొత్తం పది రంగాలని కరపత్రంలో వేశారు, నేను లేచింది ఆరో రంగంలో. డెబ్బై దాటిన మనిషి ముందు వరసలో నుంచి లేచి, కుర్చీలు పట్టుకుంటూ బయటికి నడిస్తే హాలంతా చూస్తుంది. చూశారు. నన్ను పిలిచింది భారతి, ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్ల. కడప పక్కన ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద పని చేసి పోయిన ఏడు పని పోగొట్టుకుంది. ఆమెతో పాటు పోగొట్టుకున్న వాళ్లే కూడి, రాసుకుని, ఆడిన నాటకం అది. ఆరో రంగంలో సూపర్‌వైజరు ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉంటాడు. అవతలి పక్క పనివాళ్లు తలా ఒక ఫోను పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ల ఫ్యాక్టరీలో ఎవరినైనా ఫోను గ్రూపులో నుంచి తీసేస్తే పని పోయినట్టే లెక్కట. సూపర్‌వైజరు వేలితో ఒక్కొక్క పేరూ తీసేస్తూ ఉంటే, ఆ మనిషి ఫోను వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా కింద కూర్చుంటాడు. మూడోది భారతి. ఆమె కూర్చోగానే నేను లేచాను.

ఆమె వేషంతోనే బయటికి పరిగెత్తుకొచ్చింది. "ఏమాయె టీచర్? బాగలేదా?"

"బాగుండాది. నడుము పట్టేసింది."

"అబద్ధం మీకు రాదు టీచర్. మాకు సున్నా ఏసేటప్పుడు గూడా మొగం మిందనే చెప్పేటోళ్లు. నిజం చెప్పండి."

"ఆ సూపర్‌వైజరు పేర్లు ఎట్ల ఏరినాడో నాటకంలో యాడా లేదే?" అన్నాను.

"అది మాకు తెలీదు గదా టీచర్. పైనుంచి వచ్చిందంటారు."

పైనుంచి వచ్చిందని అంటారు. నాకు తెలిసిన ఒక జాబితా పైనుంచి రాలేదు. మా ఇంటి వెనక రుబ్బురోలు పక్కన, మూడు తెల్లవారుజాముల్లో, నా చేతిరాతతో తయారైంది. ఆ మాట భారతికి చెప్పలేదు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి, ఇక్కడ వేయను. మిల్లు పేరూ వేయను. ఆ ఇళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు, కొందరు ఇది చదువుతారు.

మా ఊరు కర్నూలు జిల్లా పడమటి కొసన ఉంది, ఆలూరు నుంచి బస్సులో గంటంపావు. పత్తి పండే నల్లనేల కాబట్టి ఎప్పుడో ఎవరో నూలు మిల్లు పెట్టారు. మిల్లు గోడను ఆనుకుని పనివాళ్ల లైన్లు ఉండేవి, వరసకు పన్నెండు ఇళ్ల చొప్పున ఎనిమిది వరసలు. మాది నాలుగో వరసలో మూడో ఇల్లు. నాలుగో ఇంట్లో ఓబులేసు చిన్నాయన, నాగమ్మ చిన్నమ్మ, వాళ్ల కూతురు లక్ష్మీదేవి ఉండేవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లు గుడికి పోయేవాళ్లు. కానీ రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ కప్పు దాకా లేదు. వాళ్లింట్లో మిరపకాయలు వేయిస్తే మాకు దగ్గు వచ్చేది, మా నాయన రాత్రి ప్రార్థన చదివితే చివర్లో ఆమెన్ గోడ అవతలి నుంచి ఓబులేసు చిన్నాయన చెప్పేవాడు. ఎగతాళికే చెప్పేవాడు, కానీ ఒక్కరోజూ మరిచిపోయేవాడు కాదు. లక్ష్మీదేవికీ నాకూ ఒకే దువ్వెన, ఒకే భూగోళం పుస్తకం. దాన్ని సోమ మంగళ బుధవారాలు నేను ఉంచుకుంటే గురు శుక్ర శనివారాలు ఆమె ఉంచుకునేది.

నాయన పేరు దావీదు, నూలు వడికే రింగు ఫ్రేముల దగ్గర మేస్త్రీ. ఆ మిషన్ల హోరులో మాట వినపడదు కాబట్టి అందరూ సైగలతోనే మాట్లాడుకునేవాళ్లు. నాయన ఒక్కడి గొంతే ఆ హోరును దాటేది. ఇంట్లో కూడా ఆ గొంతు తగ్గేది కాదు, నన్ను పిలిచి "సుగుణా, ఉప్పు" అంటే నాలుగు ఇళ్ల అవతల ఉప్పు డబ్బాలు కదిలేవని అమ్మ అనేది. ఆయన చదువు బైబిలు చదువు. చిన్నప్పుడు చర్చి అయ్యగారు వాక్యం చదువుకోవడానికి నేర్పిన చదువు. చదవమంటే ఎంతైనా చదివేవాడు కానీ రాయడం సంతకం దాకే వచ్చు. అందుకని మిల్లులో ఆయన రాయాల్సినవన్నీ నా పన్నెండో ఏడు నుంచీ నేనే రాసేదాన్ని. ఎవరు ఏ షిఫ్టు, ఎవరు నాగా, ఎవరి టికెట్ నంబరు ఎంత. మిల్లులో ప్రతి మనిషికీ పనిలో చేరిన వరసలో ఒక నంబరు ఉండేది, దాన్నే టికెట్ అనేవాళ్లు. నాకు అందరి నంబర్లూ నోటికి వచ్చు. నాయన అది గొప్పగా చెప్పుకునేవాడు.

అమ్మ బదిలీ మనిషి. అంటే ఆమెకు టికెట్ లేదు, మస్టర్ అనే హాజరు పుస్తకంలో పేరు లేదు. పొద్దున్నే కొర్రన్నం మూట కట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా పనికి రాకపోతే ఆ పూటకు వాళ్ల చోట లోపలికి పిలుస్తారు. పిలవకపోతే తొమ్మిది గంటలకు ఇంటికొచ్చేస్తుంది, ఆ రోజు మాకు జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ, కారమే. పిలిస్తే సాయంత్రం వస్తుంది. వచ్చి గడప బయటే నిలబడి కొంగు విదిలించుకునేది. కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద దూది పట్టి ఉండేది. "అమ్మ ముసలిదైపాయె" అని నేనూ లక్ష్మీదేవీ నవ్వేవాళ్లం. పొయ్యి పక్క గోడ మీద అమ్మ పనికి పోయిన రోజుకు ఒక బొగ్గు గీత పెట్టేదాన్ని. నెలాఖరుకు లెక్కపెట్టి తుడిచేసేదాన్ని. ఏ నెలా పద్దెనిమిది గీతలకు తగ్గలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలుసని ఇక్కడే రాసి పెడుతున్నాను.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా మూడో షిఫ్టు ఆపేస్తారని మాట పుట్టింది. ఎవరి పని ఉంటుందో ఎవరి పని పోతుందో తెలియక, లైన్లలో మనుషులు ఒకరి ముఖం ఒకరు ఓరగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మస్తాన్ ఈ నాటకం రాశాడు. మస్తాన్ నూలు చుట్టే బాబిన్ల బుట్టలు మోసే మనిషి, సన్నగా, ఎప్పుడూ వక్కపొడి నములుతూ ఉండేవాడు. నూలు ఉండల మీద అంటించే చీటీలు పారేస్తే ఏరుకుని, వాటి వెనక రాసేవాడు. కథ చిన్నదే. యజమాని మేస్త్రీని పిలిచి, తీసేయాల్సిన వాళ్ల పేర్లు నువ్వే రాసివ్వమంటాడు. మేస్త్రీ యజమాని ఉప్పు తిన్నాడు, పనివాళ్లతో కలిసి పెరిగాడు. ఎటు పోవాలో తేల్చుకోలేక చివరికి అందరి ముందూ కాగితం తీసి, రెండు పేర్లు చదివి, మూడో పేరు చదవలేక చించేస్తాడు. పనివాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుంటారు. తెర.

మేస్త్రీ వేషానికి మస్తాన్ మా నాయన దగ్గరికే వచ్చాడు. "దావీద్ భాయ్, నీ గొంతు లేకుంటే ఈ నాటకం చర్చి గోడ గూడా దాటదు. కాదనద్దు."

నాయన తల అడ్డంగా ఊపాడు. "నేనే యాల మస్తానూ? వేషాలు కట్టేటోళ్లు శానామంది ఉండారు గదా."

"మేస్త్రీ వేషం మేస్త్రీ ఏస్తే జనానికి ధైర్యం వస్తాది భాయ్. మా మేస్త్రీ మా వైపే ఉండాడని."

మస్తాన్‌కు తెలియని సంగతి ఒకటి ఉంది. అప్పటికి నాలుగు రోజుల కిందటే మేనేజరు మా నాయనను గదిలోకి పిలిచాడు. అరవై పేర్లు కావాలన్నాడు. మీ మనుషులు మీకే తెలుసు, మీరే న్యాయంగా ఏరండి అన్నాడు. మీరు ఏరకపోతే, మూడో షిఫ్టు ఆపొద్దని లైన్ల వాళ్లు ఇచ్చిన అర్జీ మీద సంతకాలు పెట్టిన వాళ్లందరినీ తీసేస్తాం, మొదట మిమ్మల్ని తీస్తాం అని కూడా అన్నాడు. మేనేజరు తెల్లపంచె కట్టుకునే పెద్దమనిషి, మర్యాదగా కాఫీ ఇప్పించి అడిగాడు. నాయన ఆ కాఫీ తాగి ఇంటికొచ్చి నాకొక్కదానికే చెప్పాడు. రాసేది నేనే కదా. వేషం వేయనంటే ఎందుకు వేయనంటున్నాడని మనుషులకు అనుమానం వస్తుంది. వేస్తానంటే నోరు ఒక చోట, చెయ్యి ఒక చోట. వేస్తానన్నాడు.

చర్చి పక్కన ఆదివారం బడి గదిలో, మొదటి షిఫ్టు దిగాక, రిహార్సల్ చేసుకునేవాళ్లు. పనివాళ్ల నాయకుడి వేషం ఓబులేసు చిన్నాయనది. "ఏమప్పా మేస్త్రీ, మిల్లులో చాల్లేదని ఈడ గూడా నా మింద పెత్తనమేనా?" అని మొదటి రోజే అందరినీ నవ్వించాడు. మేస్త్రీ పెండ్లాం వేషానికి ఆడవాళ్లెవరూ దొరక్క మస్తానే మీసం తీసేసి చీర కట్టుకున్నాడు. "ఏయ్ మస్తానూ, మీ ఇంట్లో ఆమె కంటే నువ్వే బాగుండావు గదప్పా" అంటే, "ఆ మాట ఆమెకు చెప్పు, నాకు రాత్రికి అన్నం పెట్టదు" అనేవాడు. పుస్తకం పట్టుకుని పక్క తెర వెనక నిలబడి, ఎవరైనా మరిచిపోతే మాట అందించే పని నాది. ఎవరికి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి అట్ట మీద రాశాను. నాయనకు నూట నలభై మూడు. అన్నీ తప్పు లేకుండా చెప్పేవాడు. కాగితం మీది పేర్లు మాత్రం కంఠతా పట్టక్కర్లేదు, రంగం మీద చదివే ఉత్తరాలూ కాగితాలూ నిజంగా చూసే చదువుతారు. అది ఊళ్లలో నాటకాల పద్ధతి. నేనే పది కల్పిత పేర్లు రాసి ఆయన వేషం కోటు జేబులో పెట్టాను.

రిహార్సల్ అయి ఇంటికి నడిచి వస్తూ నాయన ఒక సాయంత్రం అన్నాడు, "మస్తాను మంచోడు. నాటకంలో కాగితం చించితే కథ ఐపోతాది. మిల్లులో చించితే వాళ్లు ఇంగో కాగితం రాసుకుంటారు."

అసలు జాబితా మేము మిల్లు మొదటి కూత కంటే ముందు, ఇంకా మసక ఉండగానే, వెనక వాకిట్లో రాశాం. అమ్మ గేటుకు పోవడానికి తయారవుతూ ఉండేది, ఏం రాస్తున్నారని అడగలేదు. మొదటి రోజంతా నాయన ఒక పేరు చెప్పడం, వద్దని తల ఊపడం, ఇంకొక పేరు చెప్పడం. ఆయనకు తాగుబోతు ఎవరో, సోమరి ఎవరో తెలుసు. వాళ్ల పిల్లలు ఎందరో కూడా తెలుసు. తొమ్మిది పేర్లు రాయించి తొమ్మిదీ కొట్టేయించాడు. నాకు విసుగు పుట్టింది. "నాయనా, ఇట్ల మనిషిని చూసి ఏరితే తెగదు. ఒక లెక్క పెట్టుకోవల్ల," అన్నాను. లెక్క నేనే చెప్పాను. ఒక ఇంట్లో మస్టర్ మీద ఇద్దరుంటే ఒకరు పోవాలి, ఇద్దరిలో ఎవరి టికెట్ తర్వాతదైతే వాళ్లు. ఎవరి ఇల్లూ పూర్తిగా ఆరిపోదు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. నాయన నా వైపు చూసి, "ఇది న్యాయంగానే ఉండాది తల్లీ," అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం నిన్న మొన్నటిది లాగా గుర్తుంది. అలాంటి ఇళ్లు యాభై మూడు తేలాయి. మిగతా ఏడు పేర్లూ అందరికంటే చివర చేరిన టికెట్ల నుంచి తీశాను.

ఆ యాభై మూడు ఇళ్లలో పక్కిల్లు ఒకటి. నాగమ్మ చిన్నమ్మ పెళ్లికి ముందు నుంచీ మిల్లులో ఉంది, ఆమె టికెట్ ముందుది. పోవాల్సింది ఓబులేసు చిన్నాయన.

"ఓబులేసు వద్దులే," అన్నాడు నాయన.

"ఓబులేసు చిన్నాయనను ఇడిచిపెడితే ఇంగొకర్ని యాల ఇడిచిపెట్టగూడదు? అప్పుడది లెక్క గాదు నాయనా."

ఆయన రుబ్బురోలు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత మెల్లగా, "మరి మీ అమ్మ?" అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడింది నేను అదే మొదటిసారి వినడం.

"అమ్మకు టికెట్ లేదు గదా. మస్టర్‌లో ఉన్నోళ్లకే లెక్క."

నా మాట తప్పు కాదు. గోడ మీద గీతలు నాయన కూడా రోజూ చూసేవాడు. అమ్మను లెక్కలోకి తీసుకుంటే మాదీ ఇద్దరు పనిచేసే ఇల్లే, యాభై నాలుగోది. తీసేయడానికి అమ్మకు టికెటే లేదు కాబట్టి అప్పుడు నాయన పోవాలి, చివరి ఏడుగురిలో ఒకరి పని నిలబడాలి. ఇదంతా నాకు అప్పుడే, ఆ మసకలోనే, స్పష్టంగా తెలుసు. నాయన నన్ను చాలాసేపు చూసి, "సరే. రాయి," అన్నాడు. రాశాను. అరవై పేర్లు, పక్కన టికెట్ నంబర్లు, ఒక్క కొట్టివేత లేకుండా. సోమవారం పొద్దున మేనేజరుకు ఇవ్వాలి. నాటకం ముందురోజు, ఆదివారం.

రాత్రికి ఆడదామంటే మిల్లు వాళ్లు కరెంటు ఇవ్వలేదు. చర్చి ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటలకు, పట్టపగలు ఆడారు. చర్చి ఆవరణలో బల్లలు చేర్చి, పత్తి బేళ్ల మీద కప్పే పట్టా పందిరిగా కట్టారు. ఎండకు పౌడరు కరిగి మస్తాన్ చెంపల మీద చారలు కట్టింది. మేనేజరు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. మా అమ్మ, నాగమ్మ చిన్నమ్మ, లక్ష్మీదేవి చాప మీద ఒకే చోట కూర్చున్నారు. నాటకం బాగా నడిచింది. నేను అందించాల్సిన మాటలు నాలుగే పడ్డాయి. మస్తాన్ పెండ్లాంగా ఏడిస్తే జనం వన్స్‌మోర్ కొట్టారు, మళ్లీ ఏడ్చాడు.

చివరి రంగంలో నాయన ముందుకొచ్చి కోటు జేబులో చెయ్యి పెట్టాలి. పెట్టలేదు. కోటు గుండీలు విప్పి, లోపలి సొంత చొక్కా జేబులో నుంచి కాగితం తీశాడు. నేను పక్క నుంచే చూశాను. నిలువుగా రెండు మడతలు, అడ్డంగా ఒకటి. నేను మడత పెట్టిన కాగితం.

"రింగు ఫ్రేము, మూడు వందల పన్నెండు, పింజరి నబీ," అని మొదలుపెట్టాడు. జనం గొల్లుమన్నారు. "ఏయ్ నబీ, నువ్వు గూడా నాటకంలోకి ఎక్కినావురా!" అని ఎవరో అరిచారు. మస్తాన్ వేడుకకు మన పేర్లే పెట్టాడని అనుకున్నారు. రెండో పేరుకు కూడా నవ్వారు. మూడో పేరుకు నాయన కాగితం చించాలి. చించలేదు. నాలుగు, ఐదు చదివాడు. ఆరో పేరు దగ్గర నవ్వు తగ్గింది. ఎవరి పేరైనా మస్తాన్‌కు తెలుస్తుంది కానీ, అందరి టికెట్ నంబర్లూ తప్పు లేకుండా ఆయనకు ఎట్లా తెలుస్తాయి? ఆ ఆలోచన చాప మీద నుంచి చాప మీదికి పోవడం నేను తెర సందులో నుంచి చూశాను. పగలు కాబట్టి ప్రతి ముఖమూ కనపడింది. పదకొండోది ఓబులేసు చిన్నాయన పేరు. ఆయన రంగం మీదే, నాయనకు మూరెడు దూరంలో, చేతిలో జెండా కట్టెతో నిలబడి ఉన్నాడు.

"దావీదన్నా," అన్నాడు. వేషం పేరు కాదు, అసలు పేరుతోనే. "ఇది నిజమేనా?"

"నిజమే ఓబులేసూ. రేపు ఇయ్యల్ల. వెనక చాటున ఇచ్చేకంటే మీ ముందరే చదువుతాండా."

అరవై పేర్లూ చదివాడు, ఆ గొంతుతోనే, మధ్యలో ఒక్కసారి నీళ్లు అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. చివరికి కాగితం మడిచి, "ఇంగొకటి ఉండాది," అన్నాడు. "రింగు ఫ్రేము, నలభై ఏడు, దావీదు. మా ఇంట్లోనూ ఇద్దరం." ఆ మాట పుస్తకంలో లేదు, నా కాగితంలో లేదు.

మేనేజరు లేచి గేటు వైపు నడిచాడు. జనం ఒక్కసారిగా బల్లల దగ్గరికి వచ్చారు. కొట్టలేదు, కొట్టినా బాగుండేది. నాగమ్మ చిన్నమ్మ ఒక్కతే గట్టిగా అడిగింది: "ఎవరు చేసినారు ఈ లెక్క? నీకు పుట్టిన ఆలోచన గాదు ఇది. ఎవరు చేసినారు?"

"లెక్క నాదేమ్మా," అన్నాడు నాయన. నేను పుస్తకం గుండెకు పట్టుకుని తెర వెనకే నిలబడ్డాను. బయటికి రావడానికి ఆరు అడుగులు. రాలేదు.

బుధవారం నాటికి గేటు మీద నోటీసు పడింది. టైపు చేసి, నేను రాసిన వరసలోనే, అరవై ఒక్క పేర్లు. ఆయన రంగం మీద చెప్పిన పేరును కూడా వదిలిపెట్టలేదు. చదివి వినిపించినందువల్ల ఒక్క పనీ నిలబడలేదు. మస్తాన్ మళ్లీ నాటకం రాయలేదు. ఓబులేసు చిన్నాయన బళ్లారి పోయి పత్తి ప్రెస్సులో బేళ్లు మోశాడు. మొదట వారానికొకసారి వచ్చేవాడు, తర్వాత నెలకొకసారి, ఆరో ఏడు ఊపిరి ఆడక ఇంటికి తెచ్చారు, నలభై రోజులకు పోయాడు. లక్ష్మీదేవి పదో తరగతి మధ్యలో మానేసి తల్లితో పాటు మిల్లుకే దూది ఏరడానికి పోయింది. భూగోళం పుస్తకం ఒక గురువారం మా గడప మీద పెట్టి పోయింది. గోడ అవతల నుంచి మిరపకాయల దగ్గు మాత్రం వస్తూనే ఉండేది. ఆమెన్ మళ్లీ వినపడలేదు. నాయన మార్కెట్ యార్డులో మూటలు మోశాడు. చర్చిలో వెనక, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. ఇంట్లో ఆయన గొంతు తగ్గింది. ఆ జాబితా గురించి చచ్చిపోయే దాకా నాతో ఒక్క మాట అనలేదు.

ఇంకొకటి రాయకపోతే లెక్క పూర్తి కాదు. టికెట్ ఉన్నవాళ్లను తీసేశాక మిల్లు వాళ్లు ఆ పనికి బదిలీలను పెట్టుకున్నారు, బదిలీలకైతే రోజు కూలి ఇస్తే చాలు, మిల్లుకు ఇంకే బాధ్యతా లేదు. అమ్మకు రోజూ పని దొరికింది. మొదటి నెల గోడ మీద ఇరవై ఆరు గీతలు పెట్టాను. రెండో నెల గీతలు పెట్టడం మానేశాను. ఆ పని మీదే నేను చదువుకున్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. జవాబు సరిగ్గా వచ్చినా దారిలో ఒక మెట్టు దాచిపెడితే మార్కులు కోసేదాన్ని. కఠినమని పేరు.

ఆ కాలం మంచిదని నేను రాయను. దూది మింగి దగ్గి చచ్చిపోయిన కాలం అది. కానీ కడపలో ఆ ఫోన్ల రంగం చూస్తూ నేను కొలుచుకున్నది ఒక్కటే. మా లైన్ల మనుషులకు తిట్టడానికి ఒక ముఖం దొరికింది. భారతి వాళ్లకు అదీ దొరకలేదు, పైనుంచి వచ్చిందంటారు అనుకుని కూర్చున్నారు. మా వాళ్లకు దొరికిన ముఖం మాత్రం సరైనది కాదు. యాభై ఏళ్లకు పైగా ఆ ఊరిలో దావీదు మేస్త్రీ అంటే పక్కింటి వాడి పేరు రాసిన మనిషి. ఆ మాట అలాగే ఉండిపోతే నేను పోయాక సరిచేసే వాళ్లు లేరు.

కడప నుంచి వచ్చిన పన్నెండో రోజు, మా ఊరి మీదుగా పోయే ఆలూరు బస్సెక్కాను. మిల్లు ఉన్న చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి, బస్సులో నుంచి చూశాను, దిగలేదు. లక్ష్మీదేవి ఆలూరులో కొడుకు కట్టిన ఇంట్లో ఉంటుంది. వాకిట్లో కూర్చుని విత్తనానికి శనక్కాయలు వలుస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. "సుగుణా? ఏమే, దోవ తప్పినావా?" అంది. కూర్చోమనలేదు, కానీ చాప ఒక పక్కకు జరిపింది. నేనూ నాలుగు కాయలు వలిచి, తర్వాత చెప్పాను. ఇద్దరున్న ఇంట్లో ఒకరు పోవాలన్న లెక్క నాది. మీ నాయనను తీయొద్దని మా నాయన అన్నాడు. నేనే రాయించాను. మా అమ్మను లెక్కలోకి రానీయనిదీ నేనే.

ఆమె కాయలు వలవడం ఆపలేదు. "ఇన్నేండ్లూ పెద్దనాయన్ను తిట్టినాం మేము," అంది. "పొయ్యి ముట్టిచ్చినప్పుడల్లా తిట్టినాం. ఇప్పుడు నాకు చెప్తే నేనేం జేయాల్ల? మా అమ్మకు చెప్పు. లోపల ఉండాది. గట్టిగా చెప్పల్ల, రింగు ఫ్రేముల కాడ్నే పోయినాయి ఆమె చెవులు."

నాగమ్మ చిన్నమ్మకు ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు బాగున్నాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "చిన్నమ్మా, నేను దావీదు కూతుర్ని," అన్నాను. వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. "లెక్క నేను చేసినా చిన్నమ్మా! మా నాయన గాదు!" నాలుగోసారికి వీధిలో పోయేవాళ్లు ఆగారు. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు గోడ మీద నుంచి చూశారు. ఐదోసారి నేను అరిచినప్పుడు ఆమె ముఖంలో వినపడ్డ గుర్తు కనపడింది.

"నువ్వా?" అంది.

"నేనే చిన్నమ్మా! తప్పంతా నాదే!"

"నీకు అప్పుడు ఎన్నేండ్లే?"

"పదిహేడు!"

ఆమె నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. ఆ చూపు నెమ్మదిగా కదిలింది, ఏదో కూడి తీసి చూసుకుంటున్నట్టు.

"పదిహేడేండ్ల బిడ్డ చేత మా పేర్లు రాపిచ్చినాడా?" అంది. "తన పిల్ల చేత? అయితే నేను తిట్టింది తక్కువే."

"కాదు చిన్నమ్మా, ఆయన వద్దన్నాడు! నేనే, నేనే అడిగి..." అని నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఆమె చెవి దగ్గరి నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.